ఉప్పు నేల మీద ముసలాయన

‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ ఎవరని క్విజ్‌లో అడిగితే మనలో చాలామందిమి ఏ మిల్ఖా సింగ్ పేరో, ఏ నారాయణ్ కార్తికేయన్ పేరో రాసేస్తాం. రెండూ తప్పే. ఇక్కడ ఇండియన్ అంటే మనిషి కాదు, బండి. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇండియన్ అనే కంపెనీ తయారుచేసిన మోటార్ సైకిల్. దాన్ని 1920లో కొని, దాదాపు యాభై ఏళ్లపాటు అదే బండిని విప్పుతూ బిగిస్తూ, చివరికి ఉప్పు ఎడారి మీద ప్రపంచ రికార్డు కొట్టినవాడు న్యూజిలాండ్‌కి చెందిన హెర్బర్ట్ జేమ్స్ మన్రో. అందరికీ బర్ట్. ఇంజినీరింగ్ డిగ్రీ లేదు, వెనక కంపెనీ లేదు, వర్క్‌షాప్ అంటే ఒక చిన్న షెడ్డు.

బర్ట్ 1899 మార్చి 25న ఆ దేశపు దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. కవలల్లో ఒకడు. తోడబుట్టిన పాప పురిట్లోనే చనిపోయింది. పెరిగింది అక్కడికి దగ్గర్లోని ఎడెన్‌డేల్‌లో, తండ్రి పొలంలో. చిన్నప్పటి నుంచీ వేగమంటే పిచ్చి. పొలంలోని గుర్రాల్లో బాగా జోరైనదాన్ని ఎక్కి దౌడు తీయించేవాడు. తండ్రికి ఇది అస్సలు నచ్చేది కాదు. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు ఎలా ఉంటాయో మనకి తెలిసిందే కదా!

21 ఏళ్ల వయసులో కొన్న ఆ ఇండియన్ స్కౌట్ 600 సీసీ వి-ట్విన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని టాప్ స్పీడ్ గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు. 1926 నుంచి బర్ట్ దాన్ని మార్చడం మొదలుపెట్టాడు. పగలు మోటార్ సైకిళ్లు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని.

ఇక్కడ ఒక్క లెక్క చూద్దాం. గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన పవర్, వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. 55 మైళ్ల బండి 183 మైళ్లు పోవాలంటే, ఆకారం మార్చకపోతే, సుమారు 37 రెట్లు! కాబట్టి ఒకటే దారి: ఇంజన్ని పెంచాలి, గాలికి తగిలే ఒంటిని తగ్గించాలి. బర్ట్ జీవితమంతా ఈ రెండు పనులే చేశాడు.

స్కౌట్‌ది సైడ్ వాల్వ్ ఇంజన్. వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. గాలి, పెట్రోలు వంకర దారిలో వచ్చి పోవాలి, కంప్రెషన్ కూడా పెద్దగా పెంచలేం. బర్ట్ దాన్ని ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌గా మార్చేశాడు. 600 సీసీని పెంచుకుంటూ పోయి 950 దాకా తెచ్చాడు. కొనడానికి డబ్బు లేదు, కొందామన్నా ఆ పార్టులు ఎక్కడా దొరకవు. అందుకని పిస్టన్లు తనే పోత పోసుకున్నాడు. అందుకు పాత రేకు డబ్బాలు వాడేవాడు. సిలిండర్ బారెళ్లు, ఫ్లైవీళ్లు, క్యామ్‌లు అన్నీ ఇంట్లోనే. కనెక్టింగ్ రాడ్లయితే క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ ఇరుసు ఉక్కు నుంచి చేత్తో చెక్కాడు. కొలత తీయడానికి ఒక పాత చక్రం పుల్లని మైక్రోమీటర్‌లా వాడేవాడట. మన మెట్రాలజీ ల్యాబ్‌లో ఇలా చేస్తే సార్ బయటికి పంపించేస్తారు.

ఇంట్లో పోసిన పిస్టన్ గంటకు నూటయాభై మైళ్ల దగ్గర ఎన్నిసార్లు నిలుస్తుంది? చాలాసార్లు నిలవలేదు. కరిగిపోయేది, పగిలిపోయేది. బర్ట్ ముక్కల్ని ఏరి, ఏం జరిగిందో చూసి, మళ్లీ పోసేవాడు. పాడైన వాటిని పారేయలేదు. షెడ్డులో ఒక అరలో వరసగా పెట్టి, ఇవన్నీ వేగదేవుడికి నైవేద్యాలని రాసి పెట్టుకున్నాడు. మన మినీ ప్రాజెక్ట్ రిపోర్టుల్లో చివరికి పనిచేసిన మోడల్ ఫొటో మాత్రమే ఉంటుంది. బర్ట్ షెడ్డులోకి ఎవరొచ్చినా ముందు కనపడేవి పనిచేయనివే.

ఈ నైవేద్యాల్లో పిస్టన్లు మాత్రమే లేవని కూడా చెప్పుకోవాలి. 1927లో బర్ట్ బెరిల్‌ని పెళ్లి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు. రాత్రుళ్లు షెడ్డులో గడిపే మనిషితో సంసారం సాగలేదు, 1940ల్లో ఇద్దరూ విడిపోయారు. ఆ తర్వాత ఉద్యోగం కూడా వదిలేసి, షెడ్డులోనే మకాం పెట్టి, పూర్తిగా బండి మీదే పడ్డాడు. ఇలాంటి జీవితాల్ని మనం ప్యాషన్ అనే ఒక్క మాటతో చుట్టేస్తాం. ఆ మాట వెనక ఇంకో ఇల్లు ఉంటుంది, అది అరలో కనపడదు.

1938 నుంచి న్యూజిలాండ్‌లో రికార్డులు కొడుతూ వచ్చాడు. 1957లో సముద్రం ఒడ్డున ఇసుక మీద గంటకు 131.38 మైళ్లతో జాతీయ బీచ్ రికార్డు నెలకొల్పాడు. అయితే ఇసుక తీరం ఎంత పొడుగున్నా దాని మీద వెళ్లగలిగే వేగానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లేని చోటు ఒకటుంది: అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోనవిల్ ఉప్పు మైదానం.

వేల ఏళ్ల కిందట ఎండిపోయిన ఒక మహా సరస్సు అడుగు అది. చలికాలంలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలో ఇగిరిపోయి గట్టి తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. చెట్టు లేదు, గట్టు లేదు. 1949 నుంచి అక్కడ ఆగస్టులో స్పీడ్ వీక్ జరుగుతోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అమెచ్యూర్లే. ఇంటి గ్యారేజీల్లో కట్టుకున్న బళ్లు, పక్కన నలుగురు స్నేహితులు, ఒక టూల్ బాక్స్. ప్రైజ్ మనీ ఉండదు. గెలిస్తే రికార్డు పుస్తకంలో ఒక లైను, అంతే. పక్కనవాడితో పోటీ కాదు, గడియారంతో పోటీ. అందుకే పక్కనవాడికి స్పానర్ ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బర్ట్ అక్కడికి మొత్తం పదిసార్లు వెళ్లాడు. మొదటిసారి చూడ్డానికి మాత్రమే. మిగతా తొమ్మిదిసార్లూ పరుగు తీశాడు. 2005లో వచ్చిన సినిమాలో అంతా ఒక్క ప్రయాణంలోనే అయిపోయినట్టు ఉంటుంది, నిజంలో అంత సులువుగా జరగలేదు. ఏళ్ల తరబడి షెడ్డులో ఒంటరిగా పనిచేసిన మనిషికి ఆ ఉప్పు మీద స్నేహితులు దొరికారు. వాళ్లలో మార్టీ డికర్సన్ ఒకరు, రోలీ ఫ్రీ ఇంకొకరు. 1948లో ఇదే బోనవిల్‌లో ఒంటి మీద ఈత చెడ్డీ మాత్రమే ఉంచుకుని, విన్సెంట్ బండి మీద బోర్లా పడుకుని గంటకు 150 మైళ్లు దాటిన ఆ ఫొటో మీరు చూసే ఉంటారు, ఆయనే ఈ ఫ్రీ. బర్ట్ బండికి చేప ఆకారంలో సన్నటి పెంకు ఉండేది. అందులో దూరి వంగి కూర్చున్నాక బండిని ఎవరో ఒకరు నిలబెట్టి, తోసి పంపాలి. ఎంత ఒంటరి మొండివాడైనా ఆ గీత దగ్గర నాలుగు చేతులు కావాల్సిందే.

1962లో, 63 ఏళ్ల వయసులో, 850 సీసీ ఇంజన్‌తో గంటకు 178.97 మైళ్లు, 883 సీసీ క్లాసులో రికార్డు. అప్పటికే గుండె నొప్పి ఉన్న మనిషి. 1966లో 168.07 మైళ్లతో మరో రికార్డు. 1967లో మూడోది, పెద్దది. అప్పుడు ఆయనకి 68, బండికి 47. క్వాలిఫై కావడానికి తీసిన ఒకవైపు పరుగులో గంటకు 190.07 మైళ్లు, అంటే 305 కిలోమీటర్లకి పైనే. రికార్డుకి మాత్రం అటూ ఇటూ రెండు పరుగుల సగటు తీస్తారు, గాలి వాటం ఎవరికీ కలిసి రాకుండా. 1,000 సీసీ లోపు క్లాసులో ఆ సగటు 183.59 అని రాశారు.

అదే ఏడాది ఒక పరుగులో బండి ఊగడం మొదలైంది. వేగం తగ్గిద్దామని బర్ట్ పెంకులోంచి పైకి లేచాడు. గాలి దెబ్బకి కళ్లద్దాలు ఎగిరిపోయాయి, ముందు ఏమీ కనపడలేదు. బండిని ఎలాగోలా పక్కకి తిప్పి పడేశాడు. ఒళ్లు గీసుకుపోయింది గానీ ప్రాణం దక్కింది. ఇది అదృష్టమే. ఆ అరలో ఆయన కూడా చేరిపోవాల్సిన రోజు అది.

1970ల్లో ఒంట్లో బలం తగ్గింది, డాక్టర్లు వద్దన్నారు. 1977లో పక్షవాతం వచ్చింది. తన బళ్లు ఊరు దాటి పోకూడదని స్థానిక వ్యాపారి ఒకరికి అమ్మేశాడు. 1978 జనవరి 6న, 78వ ఏట, ఇన్వర్‌కార్గిల్‌లోనే కన్నుమూశాడు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఒక హార్డ్‌వేర్ షాపులో, మేకులూ బోల్టుల మధ్య ఆయన బండిని చూడొచ్చు. అంతకంటే సరైన మ్యూజియం దానికి ఉండదేమో.

కథలో ఒక లెక్క మాత్రం 2014 దాకా మిగిలిపోయింది. 1967 రికార్డులో ఒకవైపు పరుగు 184.710, రెండోవైపు 183.463. సగటు మీరే తీయండి. 183.59 రాదు, 184.087 వస్తుంది. 47 ఏళ్లపాటు పుస్తకాల్లో తప్పు అంకె ఉండిపోయింది. అమెరికన్ మోటార్ సైక్లిస్ట్ అసోసియేషన్ దాన్ని సరిచేసి రాసింది. ఆ కాగితాలు ముందేసుకుని తప్పుని పట్టింది ఏ చరిత్రకారుడో కాదు, బర్ట్ కొడుకు జాన్. తేడా గంటకు అర మైలు. ఆ అర మైలు కోసం బర్ట్ అయితే ఇంకో పదేళ్లు షెడ్డులో ఉండేవాడు.