రెండు కార్డులను అందించిన బడిపంతులు
మైదుకూరు: మైదుకూరు బడి మైదానంలోనైనా రిఫరీ పసుపు కార్డు చూపితే హెచ్చరిక, ఎరుపు కార్డు చూపితే బహిష్కరణ అని వేరుగా చెప్పనక్కరలేదు. ఫుట్‌బాల్‌కు ఈ భాష నేర్పిన కెన్ ఆస్టన్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఇంగ్లాండులోని కోల్చెస్టర్‌లో 1915లో జన్మించారు.

1962 జూన్ 2న శాంటియాగోలో జరిగిన చిలీ, ఇటలీ ప్రపంచకప్ పోటీ ఆయనకు అగ్నిపరీక్షయింది. ఆట ఆరంభంలోనే బహిష్కరణకు గురైన ఇటలీ క్రీడాకారుడు ఫెర్రీని మైదానం వీడనని మొండికేయగా, పోలీసులు బయటకు తీసుకుపోయారు. అనంతరం డేవిడ్‌నూ ఆస్టన్ బహిష్కరించారు. పిడిగుద్దు విసిరిన చిలీ క్రీడాకారుడు సాంచెజ్ మాత్రం శిక్ష తప్పించుకున్నారు. చిలీ 2-0తో నెగ్గింది. నింద రిఫరీకి మిగిలింది.

1966 ప్రపంచకప్‌లో రిఫరీల పర్యవేక్షణ ఆయనకు దక్కింది. ఇంగ్లాండు, అర్జెంటీనా క్వార్టర్‌ఫైనల్‌లో జర్మనీ రిఫరీ ఎవరిని హెచ్చరించారో ఆటగాళ్లకే స్పష్టం కాలేదు. ఇంటికి వెళుతూ లండన్‌లో ట్రాఫిక్ సిగ్నల్ వద్ద ఆగిన ఆస్టన్‌కు ఉపాయం తట్టింది. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో కార్డులు అమలులోకి వచ్చాయి.

రిఫరీ కంటపడని తప్పును కార్డు పట్టలేదు. అయితే ఇచ్చిన తీర్పును ఏ భాషవారికైనా తెలుపుతుంది. ఆస్టన్ 2001లో కన్నుమూశారు.