పల్పు పెట్టిన దరఖాస్తు

చదువు ముగిసిన నాటి నుంచి తొలి ఉద్యోగం దొరికే నాటి వరకు గడిచే కాలానికి మన జీవిత చరిత్రల్లో చోటు తక్కువ. ఒక పేజీలో పట్టా పుచ్చుకున్న మనిషి తరువాతి పేజీలో కొలువులో కనిపిస్తాడు. ఆ రెండు పేజీల నడుమ ఎన్ని దరఖాస్తులు తిరిగివచ్చాయో, తిరస్కరించిన వారు ఏ కారణం చెప్పారో, ఊళ్లో ఎవరి ముందు తలదించుకోవలసి వచ్చిందో ఎవరూ రాయరు. తరతరాలుగా చదువుకున్న కుటుంబాలకు ఆ కాలం ఒక చిన్న విరామం మాత్రమే. మొదటిసారి కళాశాల మెట్లెక్కిన కులాలకు మాత్రం అసలు చరిత్ర అక్కడే ఉంది. కేరళ సామాజికోద్యమ నిర్మాతల్లో ఒకరైన డాక్టర్ పద్మనాభన్ పల్పు జీవితాన్ని ఆ ఖాళీ నుంచే చదవాలి. ఎందుకంటే ఆయన రాజకీయమంతా తిరిగివచ్చిన ఒక ఉద్యోగ దరఖాస్తు నుంచే పుట్టింది.

పల్పు 1863 నవంబరు 2న తిరువనంతపురంలోని పేట్టలో ఒక ఈళవ కుటుంబంలో జన్మించారు. తిరువాన్కూరు సంస్థానంలోని పెద్ద కులాల్లో ఈళవులది ఒకటి. కొబ్బరి తోటలు, కల్లుగీత, కొబ్బరి పీచు పని, వ్యవసాయం వారి జీవనాధారాలు. వారిలో సంస్కృతం చదువుకుని ఆయుర్వేదం చేసే వైద్యుల సంప్రదాయం కూడా ఉంది. అయినా కుల నిచ్చెనలో వారు అస్పృశ్యుల వరసలోనే ఉన్నారు. గుడి దారులు వారికి మూసివేసి ఉండేవి. ఆ దారుల పక్కనున్న ప్రభుత్వ పాఠశాలలూ సహజంగానే మూసుకుపోయేవి. పల్పు తండ్రి కొంత ఇంగ్లీషు నేర్చినవాడు కావడంతో పిల్లలను ఆ చదువు వైపే నడిపించాడు. అన్న వేలాయుధన్ బి.ఏ. పూర్తిచేశాడు. సొంత సంస్థానంలో కొలువు దక్కక మద్రాసు ప్రభుత్వంలో చేరవలసి వచ్చింది. ఆ ఇంట్లో పట్టాకూ ఉద్యోగానికీ మధ్య గోడ ఉందన్న సంగతి తమ్ముడి చదువు ముగియకముందే తెలుసు.

1884లో పల్పు తిరువాన్కూరు వైద్య విద్య ప్రవేశ పరీక్ష రాశారు. ఉత్తీర్ణుల జాబితాలో ముందు వరుసలో నిలిచారు. కులం తెలిసిన తరువాత సీటు నిరాకరించారు. వైద్యం కులవృత్తుల్లో ఒకటిగా ఉన్న సమాజపు యువకుడిని వైద్య పాఠశాల గుమ్మం దగ్గరే ఆపిన వైనం ఇది. అయినవారి సాయంతో ఆయన మద్రాసు వైద్య కళాశాలకు వెళ్లారు. 1880ల చివరికి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చారు. పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులు వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉన్న రోజులవి. మశూచి, కలరా వచ్చిన ప్రతిసారీ ఊళ్లు ఊళ్లే ఖాళీ అవుతున్న కాలమది. వైద్యుడి అవసరం సంస్థానానికి లేదని ఎవరూ అనలేరు. పల్పు తన సొంత ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అది తిరస్కరణకు గురైంది.

ఈ తిరస్కరణ పనితీరును విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. చదువు లేనంత కాలం, చదువు లేదు గనుక కొలువు లేదన్నారు. చదువుకోబోతే పాఠశాల దారి మూసేశారు. పొరుగు రాష్ట్రానికి వెళ్లి చదువుకుని వస్తే, చదువు ఉన్నా సమాజం అంగీకరించదన్నారు. అర్హత అనేది అభ్యర్థి చేరుకోవలసిన గీత అని మనం అనుకుంటాం. పల్పు అనుభవంలో అది అభ్యర్థి అడుగు వేసినప్పుడల్లా వెనక్కి జరిగిన గీత.

దీని వెనుక కేవలం అధికారుల ద్వేషమే ఉందనుకుంటే పొరపాటు. పాలనా యంత్రం నిర్మాణమే అలా ఉంది. తిరువాన్కూరులో దేవాలయాల నిర్వహణ, భూమి శిస్తు వసూలు ఒకే శాఖ చేతిలో ఉండేవి. రెవెన్యూ అధికారి గుడి వ్యవహారాలు కూడా చూడాలి. గుడి ప్రాకారంలోకి అడుగుపెట్టే హక్కు లేనివాడు రెవెన్యూ అధికారి కాలేడు. ఫలానా కులం వారు అనర్హులని నియమావళిలో రాయవలసిన అవసరమే లేదు. విధుల జాబితాయే ఆ పని చేసిపెట్టేది. దేవస్వం శాఖను రెవెన్యూ నుంచి వేరుచేయడానికి 1922 దాకా ఆగవలసి వచ్చింది. అంటే పల్పు దరఖాస్తు పెట్టిన తరువాత మరో తరం పుట్టి, పెరిగి, చదువుకుని, అదే గుమ్మం ముందు నిలబడింది.

పల్పు మద్రాసు ప్రభుత్వంలో కొంతకాలం పనిచేసి మైసూరు ప్రభుత్వ వైద్య సేవలో చేరారు. బెంగళూరులో మశూచి టీకా మందు తయారుచేసే సంస్థ బాధ్యతలు చూశారు. 1898లో ప్లేగు ఆ నగరాన్ని చుట్టుముట్టినప్పుడు వైద్య శిబిరాల్లో ప్రాణాలకు తెగించి సేవచేశారు. ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో ప్రజారోగ్యంలో డిప్లొమా పొందారు. బెంగళూరు నగర ఆరోగ్యాధికారిగా పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ ఒక సంగతి ఆలోచించదగ్గది. మైసూరు కూడా హిందూ రాజు ఏలిన సంస్థానమే. అక్కడ కులం లేదని కాదు. అక్కడి స్థానిక నిచ్చెనలో ఈళవుడికి కేటాయించిన మెట్టు లేదు, అంతే. సొంత గడ్డ మీద కులంగా మాత్రమే కనిపించినవాడు సరిహద్దు దాటగానే వైద్యుడిగా కనిపించాడు. మన పల్లెల నుంచి నగరాలకూ, అక్కడి నుంచి విదేశాలకూ వెళ్లే దళిత, వెనుకబడిన కులాల యువకులు ఈ తేడాను వేరే ఉదాహరణ లేకుండానే గుర్తుపడతారు. వలస కొందరికి ఆశయం. మరికొందరికి అది ఒక్కటే మిగిలిన దారి.

సాధారణంగా ఇలాంటి కథలు ఇక్కడ ఆగిపోతాయి. అవమానం ఎదురైంది, పట్టుదలతో మరోచోట విజయం సాధించాడు అని ముగించి, దాన్ని స్ఫూర్తి పాఠంగా విద్యార్థులకు అందిస్తాం. పల్పు ఆ ముగింపును అంగీకరించలేదు. మంచి జీతం, హోదా వచ్చిన తరువాత కూడా తిరువాన్కూరుకు పెట్టిన దరఖాస్తును ఆయన మనసులో ఉపసంహరించుకోలేదు. తనకు దక్కని ఉద్యోగం తన ఒక్కడి సమస్య కాదనీ, తన వెనుక వస్తున్న వారందరి సమస్య అనీ గ్రహించారు. పరాయి ప్రభుత్వంలో ఉద్యోగిగా ఉంటూనే సొంత సంస్థానాన్ని ప్రశ్నించే పనికి పూనుకున్నారు.

1891 జనవరిలో మలయాళీ మెమోరియల్ పేరుతో ఒక మహజరు తిరువాన్కూరు మహారాజు శ్రీమూలం తిరునాళ్‌కు చేరింది. దానిపై 10,028 మంది సంతకాలు చేశారు. పెద్ద ఉద్యోగాలన్నీ బయటి నుంచి వచ్చిన బ్రాహ్మణుల పాలవుతున్నాయనీ, నేల బిడ్డలకు కొలువులు ఇవ్వాలనీ దాని సారాంశం. దీనికి ముందు నిలిచిన వారిలో జి.పి. పిళ్లై ముఖ్యుడు. చదువుకున్న నాయర్ల పాత్ర ఇందులో ప్రధానమైనది. మొదటి సంతకాల్లో పల్పు సంతకం ఒకటి. స్థానికులకే ఉద్యోగాలన్న కోరిక మనకు కొత్త కాదు. హైదరాబాద్ సంస్థానపు ముల్కీ నిబంధనల నుంచి నిన్నమొన్నటి ఉద్యమాల దాకా తెలుగు నేల మీద ఆ మాటకు పెద్ద చరిత్ర ఉంది. ఆ మాటలోని న్యాయాన్ని కాదనలేం. అయితే స్థానికుడు అన్న పదం కింద ఎవరెవరు నిలబడ్డారు, ఫలం పంచుకునే వేళ ఎవరు మిగిలారు అన్నది ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు దివాన్ టి. రామారావు ఇచ్చిన ప్రత్యుత్తరంలోనే దొరికింది. నాయర్ల కోరికలను సంస్థానం కొంత పట్టించుకుంది. ఈళవుల విషయానికి వచ్చేసరికి, వారికి చదువు మీద కన్నా తమ సాగు, పీచు, కల్లుగీత పనుల మీదనే మక్కువ అన్నట్టు మాట్లాడింది. మద్రాసులో వైద్యపట్టా పుచ్చుకున్న ఈళవుడి సంతకం ఆ కాగితం మీద కళ్లెదుటే ఉండగా ఈ జవాబు వెలువడింది. ఉమ్మడి పోరాటంలో సంఖ్య కోసం కలుపుకున్న వారిని ఫలితం దగ్గర విడదీయడం పాలకులకు ఎంత సులువో పల్పుకు అప్పుడు స్పష్టమైంది.

ఆయన ఈసారి తన వారి దగ్గరికే వెళ్లారు. 1896 సెప్టెంబరు 3న 13,176 మంది ఈళవుల సంతకాలతో మరో మహజరు మహారాజుకు సమర్పించారు. చరిత్రలో అది ఈళవ మెమోరియల్‌గా నిలిచింది. ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశం, ప్రభుత్వ ఉద్యోగాల్లో అవకాశం అందులోని ప్రధాన కోరికలు. దాని వాదన సూటిగా సాగింది. బ్రిటిష్ పాలనలోని మలబారులో ఇదే సమాజానికి చెందిన తీయలు పెద్ద హోదాల్లో ఉన్నారు. తిరువాన్కూరులోనే ఒక ఈళవుడు క్రైస్తవం పుచ్చుకుంటే అతనికున్న అడ్డంకులు చాలావరకు తొలగిపోతాయి. మనిషి అదే, చదువు అదే. మతం మారితే అర్హత ఎలా వచ్చిందన్నది వారి ప్రశ్న. దివాన్ శంకర సుబ్బయ్యర్ ప్రభుత్వం దీనికీ సానుకూలంగా స్పందించలేదు. సంస్థానం వినకపోతే లండన్ వినాలని పల్పు తలచారు. మొదటి మహజరునాటి సహచరుడు జి.పి. పిళ్లై లండన్ వెళ్లినప్పుడు ఈ సమస్యను బ్రిటిష్ పార్లమెంటు దాకా చేర్చే ప్రయత్నం జరిగింది. అగ్రకుల సహచరుల్లో చివరిదాకా నిలిచినవారూ ఉన్నారని చెప్పడానికి ఇది సాక్ష్యం. 1900లో వైస్రాయి కర్జన్‌కూ విన్నపం వెళ్లింది.

విన్నపాలతో తలుపులు తెరుచుకోవని తేలిన తరువాత పల్పు నిర్మాణం వైపు తిరిగారు. తన సంపాదనలో కొంత ఇతరుల చదువులకు వెచ్చించారు. తరువాత మలయాళ మహాకవిగా ఎదిగిన కుమారన్ ఆశాన్ బెంగళూరులోనూ కలకత్తాలోనూ చదువుకోవడానికి అండగా నిలిచింది ఆయనే. 1903 మే నెలలో శ్రీ నారాయణ ధర్మ పరిపాలన యోగం ఏర్పడింది. నారాయణ గురు అధ్యక్షుడు, ఆశాన్ కార్యదర్శి, వెనుక నిలిచిన చోదకశక్తి పల్పు. 1905లో కొల్లంలో యోగం పారిశ్రామిక ప్రదర్శన నిర్వహించడంలో ఒక ఆలోచన ఉంది. ప్రభుత్వ కొలువు హక్కే అయినా దాని కోసమే ఎదురుచూస్తూ కూర్చున్న సమాజం నిలబడలేదు. పీచు పని, నేత, వర్తకం సమాజపు చేతిలో ఉంటే బేరమాడే శక్తి వస్తుంది. హక్కు కోసం కొట్లాట, సొంత ఆర్థిక బలం రెండూ జోడెద్దుల్లా నడవాలని ఆయన భావించారు.

ఆయన పరిమితిని కూడా చెప్పుకోవాలి. 1896 మహజరు ఈళవుల మహజరు. వారికన్నా కింద అణచివేతకు గురైన పులయల పిల్లలు ఏ పాఠశాల గుమ్మమూ తొక్కలేని స్థితిలో ఉన్నారు. వారి కోసం అయ్యన్‌కాళి 1907లో సాధుజన పరిపాలన సంఘం స్థాపించి వేరుగా పోరాడవలసి వచ్చింది. నాయర్ల మహజరులో ఈళవులకు జరిగిందే ఈళవుల మహజరులో పులయలకు జరిగింది. నిచ్చెన మీద ప్రతి మెట్టూ పైమెట్టును ప్రశ్నిస్తుంది, కింది మెట్టును మరచిపోతుంది. వెనుకబడిన కులాల ఉద్యమాలు, వర్గీకరణ వాదనలు నడుస్తున్న మన నేల మీద ఈ పాఠం ఇంకా పాతబడలేదు.

1930ల్లో ఈళవులు, క్రైస్తవులు, ముస్లిములు కలిసి నడిపిన నివర్తన ఉద్యమం తరువాతే తిరువాన్కూరులో నియామకాలకు పబ్లిక్ సర్వీసు వ్యవస్థ, కులాల వారీ వాటా వచ్చాయి. 1936 నవంబరులో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడింది. అప్పటికి పల్పు వయసు 73 ఏళ్లు. ఆయన దరఖాస్తుకు నిజమైన జవాబు రావడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది. అప్పుడూ అది ఆయనకు కాక, ఆయన మనవల తరానికి అందింది.

ఈనాటి పట్టభద్రులకు గుడి ప్రాకారం అడ్డు చెప్పడం లేదు. ఇప్పుడు అడ్డు చెప్పే మాటలు వేరు. రిజర్వుడు పోస్టుకు మౌఖిక పరీక్ష జరిపి తగిన అభ్యర్థి దొరకలేదని దస్త్రం మీద రాయడం విశ్వవిద్యాలయాలకు పరిచితమైన పద్ధతి. అభ్యర్థి పీహెచ్‌డీ చేశాడు, జాతీయ అర్హత పరీక్ష నెగ్గాడు, పత్రాలు ప్రచురించాడు. అయినా ఏదో తక్కువైంది. ఆ ఏదో ఏమిటో రాయవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు. బ్యాక్‌లాగ్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి. శాశ్వత ఉద్యోగం కాంట్రాక్టుగా, కాంట్రాక్టు అవుట్‌సోర్సింగ్‌గా మారే కొద్దీ రిజర్వేషన్ చట్టం చేతికందని చోటికి నియామకం జారిపోతుంది. పుట్టిపెరిగిన పరిచయాలే ప్రైవేటు రంగంలో సిఫారసులవుతాయి. గీత వెనక్కి జరగడం ఆగలేదు; జరిపే చేయి కనిపించడం మాత్రం మానేసింది.

ఉద్యోగం రాని యువకుడికి మన సమాజం మొదట ఇచ్చే సలహా తనలోనే లోపం వెతుక్కోమని. మరో కోర్సు చేయమని, మరో నగరానికి వెళ్లమని, ఇంకొంచెం కష్టపడమని చెబుతారు. పల్పు అవన్నీ చేశారు. మరో రాష్ట్రంలో చదివారు, మరో సంస్థానంలో పనిచేశారు, ఇంగ్లండులో పట్టా పొందారు. అంతా చేశాక కూడా తనకు జరిగింది అన్యాయమేనన్న నిశ్చయాన్ని వదులుకోలేదు. ఆ నిశ్చయమే ఒక మనిషి తిరస్కరణను పదమూడు వేల సంతకాలుగా మార్చింది. తిరస్కరణ పత్రాన్ని సిగ్గుతో పెట్టె అడుగున దాచుకునే ప్రతి విద్యార్థీ ఆయన నుంచి నేర్చుకోవలసింది దాన్ని బయటికి తీసి, పక్కవాడి పత్రంతో పోల్చి చూడడం. ఖాళీలెన్ని, భర్తీ అయినవెన్ని, తిరస్కరణకు కారణమేమిటి అని కలిసి అడిగినప్పుడే అది వ్యక్తిగత వైఫల్యం కాదని తేలుతుంది.

డాక్టర్ పల్పు 1950 జనవరి 25న కన్నుమూశారు. ప్రభుత్వోద్యోగాల్లో పౌరులందరికీ సమానావకాశాన్ని హామీ ఇచ్చిన పదహారో అధికరణం, రాజ్యాంగంతో పాటు ఆ మరుసటి రోజు అమలులోకి వచ్చింది.