వంతెన వద్ద పుట్టిన పాఠం: క్రిస్టెన్ నిగార్డ్ జీవితం

కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థి తొలి దశలోనే రెండు మాటలను కంఠస్థం చేస్తాడు. ఒకటి వారసత్వం, రెండవది బహురూపత. ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజమ్ అని వాటికి తరగతి గదిలో వాడుక. నిర్వచనాలు వ్రాస్తాడు, మార్కులు తెచ్చుకుంటాడు. కాని ఆ భావాలు ఎవరి మనస్సులో, ఏ అవసరం కొద్దీ పుట్టినవో అతనికి చెప్పేవారు అరుదు. పుట్టుక తెలియని భావం పరాయి సొత్తు వంటిది. దాన్ని వాడుకోవడానికి చేయి రాదు. అందుచేత నార్వే దేశీయుడైన క్రిస్టెన్ నిగార్డ్ జీవితం ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ తెలియవలసి ఉన్నది.

నిగార్డ్ 1926 ఆగస్టు 27న ఓస్లో నగరంలో జన్మించారు. గణితం ఆయన చదువు. 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో చేరారు. మరుసటి సంవత్సరమే ఆ దేశపు తొలి అణు రియాక్టరు నిర్మాణానికి కావలసిన లెక్కలలో పాల్గొన్నారు. సూత్రాలకు లొంగని సమస్యను యాదృచ్ఛిక సంఖ్యల సహాయంతో అనేక పర్యాయాలు అనుకరించి, ఫలితాన్ని అంచనా కట్టే మాంటీ కార్లో పద్ధతి ఆయనకు అక్కడ పట్టుబడినది. 1956లో ఓస్లో విశ్వవిద్యాలయంలో ఆ పద్ధతి మీదనే సిద్ధాంతవ్యాసం వ్రాసి పట్టం పొందారు.

ఈలోగా ఆయన దృష్టి మరొక వైపు మళ్ళినది. కార్యకలాపాల పరిశోధన అనే శాస్త్రంలో ప్రశ్నలు అంకెల వంటివి కావు, లోకం వంటివి. ఎవరు ఎవరి కోసం వేచి ఉంటారు? ఒకచోట ఆలస్యమైతే ఆ ఇబ్బంది ఎంత దూరం ప్రాకుతుంది? ఇటువంటి వ్యవస్థలను కంప్యూటరుకు అప్పగించాలంటే ముందు వాటిని స్పష్టంగా వర్ణించగలగాలి. వర్ణించడానికి తగిన భాష ఆనాడు లేదు. 1960లో నార్వే గణన కేంద్రంలో చేరిన నిగార్డ్, మరుసటి ఏట ఆ భాషను తామే నిర్మించాలని పూనుకున్నారు.

ఆ పనిలో ఆయనకు కుడిభుజమైనవారు ఓలె-యోహాన్ దాల్. ఇద్దరూ రక్షణ సంస్థలో సహోద్యోగులే. నిగార్డ్‌ది వ్యవస్థను చూచే కన్ను. దాల్‌ది భాషను నిర్మించే చేయి. 1963లో గణన కేంద్రానికి యూనివాక్ 1107 యంత్రం వచ్చినది. 1964 చివరినాటికి వారి సిమ్యులా భాష ఆ యంత్రం మీద పనిచేయసాగినది.

వారిద్దరి సంభాషణ శాంతంగా సాగేది కాదు. 1967 వసంతంలో గణన కేంద్రంలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి, నల్లబల్ల ముందు ఇద్దరు మనుష్యులు భీకరంగా పోట్లాడుకుంటున్నారని కంగారుపడి చెప్పబోతే, అక్కడివారు నవ్వి, అది పోట్లాట కాదనీ, సిమ్యులా మీద చర్చ మాత్రమేననీ ఊరడించారట.

అసలు సంగతి అంతకు కొద్ది నెలల ముందు, 1966 డిసెంబరు ప్రాంతంలో జరిగినది. ఇంగ్లండు పండితుడు టోనీ హోర్ సమాచార పట్టికలను వర్గాలుగా విభజించడం గురించి చేసిన ప్రతిపాదన వారిని ఆలోచనలో పడవేసి ఉన్నది. వారి ముందున్న ఉదాహరణ చాలా సామాన్యమైనది. ఒక వంతెన, దాని వద్ద సుంకం వసూలు చేసే గది, దాని ముందు బారు తీరిన లారీలు, బస్సులు. లారీ పని వేరు, బస్సు పని వేరు. కాని వరుసలో నిలబడడం రెండింటికీ సమానమే. వరుసకు సంబంధించిన ఏర్పాటును లారీకి ఒకసారి, బస్సుకు ఒకసారి వ్రాయడం వృథా శ్రమ. పైగా ఒకచోట దిద్ది, రెండవచోట మరచిపోతే ప్రమాదం.

అప్పుడు తట్టిన ఉపాయం ఇది. ఉమ్మడి లక్షణాలను ఒక్కసారి వ్రాసి, ప్రత్యేక వర్ణనకు ముందు అతికించాలి. అట్లా అతికిన తరువాత అవి రెండు ముక్కలుగా కాక ఒకే వస్తువుగా మెలగాలి. దీనికి వారు పెట్టిన పేరు వారసత్వం కాదు. ప్రిఫిక్స్, అనగా ముందుచేర్పు. వ్యాకరణం చెప్పే మాస్టర్లకు ఉపసర్గ గుర్తుకు రావచ్చును. హారం అనే మాటకు ముందు ఆ, వి, సం చేరితే ఆహారం, విహారం, సంహారం అయినట్లు, ముందు చేరినది వెనుకనున్న దానితో ఏకమై కొత్త రూపం ఏర్పడుతుంది. ఒక భేదం మాత్రం ఉన్నది. సిమ్యులాలో ముందు నిలిచేది సామాన్య వర్గం. దాని వెనుక వచ్చేది విశేషం.

1967 మే నెలలో ఓస్లో సమీపాన లీసెబూ అనేచోట జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వర్గాలు, ఉపవర్గాల గురించి వారు తమ పత్రాన్ని సమర్పించారు. సిమ్యులా 67 భాషలో మరొక ముఖ్యమైన ఏర్పాటు కూడా చేరినది. దాని పేరు వర్చువల్. సామాన్య వర్గంలో ఒక పనికి పేరు మాత్రం నిలిపి, దాన్ని చేసే విధానాన్ని ఉపవర్గానికి వదలివేయవచ్చును. సుంకం గది గుమాస్తా దృష్టితో చూస్తే ఇది తేలిక. వచ్చిన ప్రతి వాహనాన్నీ అతడు సుంకం ఎంత అని మాత్రమే అడుగుతాడనుకొందాము. లారీ తన బరువును బట్టి, బస్సు తన ప్రయాణికులను బట్టి లెక్క చెబుతుంది. రేపు ఒక కొత్తరకం వాహనం వచ్చినా గుమాస్తా ప్రశ్న మారదు. బడిలో గంట మ్రోగితే విద్యార్థి సంచి సర్దుతాడు, మాస్టరు హాజరుపట్టీ మూస్తారు, నౌకరు తలుపులు వేస్తాడు. గంట ఒకటే, స్పందనలు వేరు. బహురూపత అంటే ఇంతే.

ఇక్కడ బోధించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. బస్సు ఒక వాహనం, అది వారసత్వం. బస్సుకు చక్రం ఉన్నది. అది వారసత్వం కాదు, అవయవ సంబంధం. అగుటకూ, కలిగియుండుటకూ గల ఈ భేదం తెలుగు వాక్యంలోనే స్పష్టంగా ఉన్నది. దాన్ని పట్టుకున్న విద్యార్థి సగం పాఠం గ్రహించినట్లే.

సిమ్యులా నార్వేలో ఆగిపోలేదు. అమెరికాలో అలన్ కే దానినుండి ప్రేరణ పొంది స్మాల్‌టాక్ భాషకు దారి వేశారు. కేంబ్రిడ్జిలో సిమ్యులా రుచి చూచిన స్ట్రౌస్ట్రుప్ 1979లో ఆరంభించిన కృషి సి ప్లస్ ప్లస్ అయినది. వర్చువల్ అనే మాట ఆ భాషలో నేటికీ నిలిచి ఉన్నది.

నిగార్డ్ మాత్రం యంత్రం దగ్గరే కూర్చుండిపోలేదు. వ్యవస్థను వర్ణించేవాని చేతిలో అధికారం ఉంటుందని ఆయన గ్రహించారు. కర్మాగారాన్ని యజమాని పక్షాన మాత్రమే వర్ణిస్తే, కార్మికుడు అందులో ఒక అంకెగా మిగిలిపోతాడు. అందుచేత 1970 దశకం ఆరంభంలో ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి, కార్మికులే కంప్యూటరు పద్ధతులను తెలుసుకొని విమర్శించే కార్యక్రమం నడిపారు. కొత్త యంత్ర పద్ధతుల గురించి తెలుసుకొనే హక్కును కార్మికులకిచ్చిన 1975 నాటి ఒప్పందానికి ఆ కృషి దోహదం చేసినది. 1990 నుంచి ఐదేళ్ళు, ఐరోపా సమాజంలో నార్వే చేరరాదన్న ఉద్యమానికి ఆయన నాయకులు. 1994 నవంబరులో నార్వే ప్రజలు 52.2 శాతం ఓట్లతో ఆ పక్షాన్నే నిలిచారు.

ఓస్లో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవినుండి 1996లో విరమించినా, ఆయనను ఒక అసంతృప్తి వదలలేదు. తాము కనుగొన్న ఆలోచనావిధానాన్ని లోకం కేవలం వాక్యరచనా నియమాలుగా బోధిస్తున్నది. తొలి పాఠంలోనే అతి చిన్న ఉదాహరణలిస్తే, వర్గాలు అసలు ఎందుకు కావాలో విద్యార్థికి బోధపడదని ఆయన అభిప్రాయం. వడ్డించేవారూ, వంటవారూ, అతిథులూ ఎవరి పని వారు చేసుకొనే భోజనశాల వంటి జీవమున్న ఉదాహరణతో మొదలుపెట్టాలని ఆయన కోరిక. ఈ ఉద్దేశంతో 2002లో కూల్ అనే బోధనా పరిశోధన పథకాన్ని ఆరంభించారు. అప్పటికాయనకు 75 సంవత్సరాలు.

ఆ సంవత్సరమే గౌరవాలూ, దుఃఖాలూ వెంటవెంట వచ్చినవి. 2001 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి దాల్‌కూ, ఆయనకూ కలిపి ప్రకటించబడినది. 2002 జూన్ 29న దాల్ కన్నుమూశారు. ఆరు వారాలు తిరిగీ తిరగకముందే ఆగస్టు 10న నిగార్డ్ గుండెపోటుతో మరణించారు. బోధనా పథకం ఇంకా తొలి అడుగులలోనే ఉన్నది.

ఆయన విడిచిన ఆ పని ఇప్పుడు తరగతి గదులలో ఉన్నది. నిర్వచనం నల్లబల్ల మీదకు ఎక్కకముందు వంతెననూ, వాహనాల బారునూ పిల్లల కళ్ళముందు నిలుపగల ఉపాధ్యాయుడు ఆ కృషికి నిజమైన వారసుడు.