డ్రమ్ముల ఫ్యాక్టరీని జనానికి ఇల్లు చేసిన లీనా బో బార్డి

రోమ్ నగరంలో పుట్టి, 31 ఏళ్ల వయసులో ఓడెక్కి బ్రెజిల్ చేరి, ఆ దేశాన్నే తన దేశం చేసుకొని, అక్కడే కన్నుమూసిన ఆర్కిటెక్టు లీనా బో బార్డి. తాతల కాలంలో ఊరు వదిలి వచ్చి షోలాపూరులో స్థిరపడినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే మన కుటుంబాల వారికి ఆమె జీవితం తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆమె కొత్త భవనాలూ కట్టారు. కానీ నాకు గొప్పగా తోచింది, మూతపడిన ఫ్యాక్టరీలను, పాడుబడిన గోదాములను ఆమె చూసిన తీరు.

లీనా 1914 డిసెంబర్ 5న పుట్టారు. అసలు పేరు అకిల్లీనా బో. తండ్రి ఎన్రికో బో ఇళ్ల నిర్మాణం పనిలో ఉండేవారు, తీరిక వేళల్లో బొమ్మలు వేసేవారు. ఆ బొమ్మల చెయ్యి కూతురికీ వచ్చింది. రోమ్‌లోనే ఆర్కిటెక్చర్ చదివి 1939లో పట్టా పుచ్చుకున్నారు. అది ముస్సోలినీ కాలం. పాలరాతి స్తంభాలతో ప్రభుత్వ ఘనత చాటే భవనాలకే అప్పుడు గౌరవం. ఈ అమ్మాయి పట్టా కోసం గీసి ఇచ్చిన ప్లాను మాత్రం పెళ్లి కాకుండా తల్లులైన ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఆశ్రయమిచ్చే కేంద్రానిది. ఆ రోజుల్లో, ఆ ఊళ్లో, ఆ వయసులో అలాంటి ప్లాను తీసుకెళ్లి ఆచార్యుల ముందు పెట్టడానికి ధైర్యం కావాలి.

తర్వాత మిలాన్ వెళ్లారు. అక్కడ జియో పోంతి అనే పేరున్న ఆర్కిటెక్టు దగ్గర పని. ఇంతలో యుద్ధం ముదిరింది. కట్టేవాడు లేడు, కూలేవే అన్నీ. 1943 బాంబు దాడుల్లో ఆమె ఆఫీసు కూడా పోయింది. కడుపు నింపుకోవడానికి పత్రికలకు బొమ్మలు వేశారు, వ్యాసాలు రాశారు, డోమస్ అనే ప్రసిద్ధ పత్రిక నడపడంలో భాగం పంచుకున్నారు. యుద్ధం ఆగాక ఒక ఫొటోగ్రాఫరును, తోటి ఆర్కిటెక్టును వెంటబెట్టుకొని ఇటలీ అంతా తిరిగి, ఏ ఊళ్లో ఏది కూలిందో, జనం ఎలా బతుకుతున్నారో నమోదు చేశారు. గోడ అన్నది ఎంత తేలిగ్గా నేలమట్టమవుతుందో కళ్లారా చూసిన మనిషి, నిలబడి ఉన్న గోడను ఊరికే పడగొట్టడానికి తర్వాత ఒప్పుకోకపోవడంలో వింత లేదనిపిస్తుంది నాకు.

1946లో కళావిమర్శకుడు పియెత్రో మారియా బార్డిని పెళ్లాడి, అదే ఏడాది ఆయనతో రియో డి జనీరో రేవులో దిగారు. బ్రెజిల్ పత్రికాధిపతి అసీస్ షతోబ్రియాన్ సావో పాలోలో కళా మ్యూజియం పెట్టాలని బార్డిని అడిగారు. 1947లో ఆయన పత్రికల ఆఫీసు భవనంలోనే ఒక అంతస్తులో మ్యూజియం మొదలైంది. లోపలి ఏర్పాట్లన్నీ లీనావి. 1951లో రెండు సంగతులు జరిగాయి. సావో పాలో శివారులోని మొరుంబి కొండవాలు మీద సన్నని స్తంభాలపై అద్దాల ఇల్లు కట్టుకున్నారు. బ్రెజిల్ పౌరసత్వం తీసుకున్నారు. పుట్టుకతో వచ్చిన దేశం వేరు, తాను ఎంచుకున్న దేశం వేరు అన్న పట్టింపు ఆమెకు చివరి దాకా ఉండేది.

సావో పాలోలోని పౌలిస్తా అవెన్యూ మీద అదే మ్యూజియానికి ఆమె కట్టిన కొత్త భవనం 1968లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ సమక్షంలో ప్రారంభమైంది. ఆ స్థలం నుంచి ఊరి లోయ కనబడాలి, ఆ చూపుకు అడ్డు రాకూడదన్నది షరతు. ఆమె భవనం మొత్తాన్ని ఎత్తి కాంక్రీటు దూలాలకు వేలాడదీశారు. కింద సుమారు 70 మీటర్ల పొడవున మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఆ ఖాళీలో ఇవాళ్టికీ ఊరేగింపులు, సంతలు, ధర్నాలు జరుగుతాయి. ఫొటోలు ఎక్కువగా ఈ భవనానివే కనబడతాయి కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

ఆమె మనసు నిజంగా మారింది ఈశాన్య బ్రెజిల్‌లో. బాయియా రాష్ట్రంలోని సాల్వడోర్ సముద్రతీర నగరం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి ఎక్కువగా ఉండే ఊరు. 1958లో ఉపన్యాసాలకు వెళ్లిన లీనాను మరుసటి ఏడాది అక్కడి ఆధునిక కళా మ్యూజియం నడపమన్నారు. సముద్రం ఒడ్డున సోలార్ దో ఉన్యావ్ అనే పాత చక్కెర వ్యాపారి ప్రాంగణం ఉంది. పెద్ద ఇల్లు, గుడి, గోదాములు. శతాబ్దాల కాలంలో అది నస్యం ఫ్యాక్టరీ అయింది, సరుకుల గోదాం అయింది, చివరికి శిథిలమైంది. లీనా దాన్ని 1963 నాటికి బాగు చేసి జానపద కళల మ్యూజియంగా తెరిచారు.

పాతదాన్ని బాగు చేయడమంటే పాతదానిలా నటించే కొత్తది కట్టడం కాదని ఆమె నమ్మకం. పెద్ద ఇంట్లో పాడైపోయిన మెట్ల స్థానంలో, పాత కర్ర స్తంభాల నడుమ కొత్త చెక్క మెట్లు వేయించారు. చూడగానే కొత్తవని తెలుస్తాయి. కానీ వాటిలో ఒక్క మేకు లేదు, బోల్టు లేదు. ఆ ప్రాంతపు వడ్రంగులు ఎడ్లబండికి చెక్కను బెజ్జంలోంచి దూర్చి చీల కొట్టి బిగించినట్టే ప్రతి మెట్టునూ బిగించారు. మన పల్లెల్లో కడచీల చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఊరి వడ్రంగికి తెలిసిన విద్యనే తీసుకొని, మ్యూజియం నడిబొడ్డున నిలబెట్టారన్నమాట.

ప్రారంభ ప్రదర్శనలో పెట్టినవి నూనె డబ్బా రేకుతో చేసిన కప్పులు, కాలిపోయిన బల్బుతో చేసిన చమురు దీపాలు, గుడ్డపేలికల బొంతలు, కుండలు. వీటిని ముచ్చటగా చూసి వెళ్లిపోయే జానపద వస్తువులుగా ఆమె చూడలేదు. కరువులో బతికే జనం చేతిలో ఉన్నదానితో అవసరం తీర్చుకోవడం కూడా ఒక రూపకల్పనే, దేశపు పరిశ్రమలు దీని నుంచి నేర్చుకోవాలి అన్నది ఆమె వాదం. 1964లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఈ పనంతా అర్ధాంతరంగా ఆగిపోయి ఆమె సాల్వడోర్ వదలాల్సి వచ్చింది. 1965లో ఇదే ప్రదర్శనను రోమ్‌లో పెట్టబోతే బ్రెజిల్ ప్రభుత్వం అడ్డుపడి రద్దు చేయించింది. పేదరికం బయటి దేశాల కంట పడటం ఆ ప్రభుత్వానికి ఇష్టం లేదు మరి.

మ్యూజియం పూర్తయ్యాక చాలా ఏళ్లు పెద్ద పనులు రాలేదు. నాటకాలకు రంగాలంకరణ చేశారు. 1976లో ఉబెర్లాండియా పట్టణంలోని పేదల పేటకు ఒక చర్చి ప్లాను గీశారు. ఇటుక, కర్ర ఆ చుట్టుపక్కలవే. ఆడవాళ్లు, పిల్లలతో సహా పేట జనమే తలా ఓ చెయ్యి వేసి కొన్నేళ్లకు దాన్ని నిలబెట్టుకున్నారు.

ఇక అసలు కథ. బ్రెజిల్‌లో సెస్కి అనే సంస్థ ఉంది. దుకాణాల్లో, వాణిజ్య సంస్థల్లో పనిచేసే గుమాస్తాలకు, వాళ్ల కుటుంబాలకు ఆటపాటలు, వైద్యం, విశ్రాంతి కల్పించడానికి 1946లో పెట్టారు. యజమానులు జీతాల బిల్లు మీద 1.5 శాతం దీనికి కట్టాలి. ఏళ్ల తరబడి జీతాల బిల్లులు రాసిన చేతికి ఈ ఏర్పాటు ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను. ఈ సంస్థ సావో పాలోలోని పొంపేయా పేటలో పాత డ్రమ్ముల ఫ్యాక్టరీని కొన్నది. తర్వాతి కాలంలో అక్కడ కిరోసిన్‌తో నడిచే ఫ్రిజ్‌లు కూడా తయారయ్యేవి. మొదట్లో ఆలోచన పడగొట్టి కొత్తది కట్టడమే. తర్వాత మనసు మార్చుకొని లీనాను పిలిచారు.

ఆమె మొదటిసారి వెళ్లినప్పుడు షెడ్లు ఖాళీగా ఉన్నాయి. ఇటుక గోడల మధ్య సన్నని కాంక్రీటు స్తంభాలు, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఐరోపాలో వచ్చిన తొలినాటి ఆర్‌సీసీ పద్ధతివి, ఆమె కంట పడ్డాయి. అది ఇంజనీరింగు సంగతి. రెండోసారి ఒక శనివారం వెళ్లారు. షెడ్లలో పిల్లలు పరుగెత్తుతున్నారు, కుర్రాళ్లు కప్పు నుంచి కారిన వాన నీళ్లలోనే బంతి ఆడుతున్నారు, తల్లులు మాంసం కాలుస్తున్నారు, పక్కన తోలుబొమ్మల ఆట. అప్పుడే ఆమె నిర్ణయం జరిగిపోయింది. ఇక్కడ కట్టాల్సింది ఏమీ లేదు, ఇప్పటికే ఉన్న ఈ సంతోషాన్ని చెదరగొట్టకుండా నిలపాలి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన సంఘానికి కూడా ఒక పాత మగ్గాల షెడ్డు ఉంది. పడగొట్టి కింద షాపులు, పైన కల్యాణ మండపం కడదామని కార్యవర్గంలో కొందరి అభిప్రాయం. అద్దె వస్తుంది, అది కాదనను. కప్పు కారుతోంది, మరుగుదొడ్లు బాగాలేవు, అదీ నిజమే. కానీ ఆదివారం పొద్దున అక్కడ పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతారు, సాయంత్రం ఆడవాళ్ల భజన, మిగతా రోజుల్లో పెద్దవాళ్లు పేపరు చదువుకుంటారు. గీయించిన ప్లాను చూశాను. ఈ ముగ్గురికీ అందులో గది లేదు. కార్యదర్శిగా కాదు, సభ్యుడిగా అడుగుతున్నాను, ప్లాను గీసినవారు ఒక్క ఆదివారమైనా వచ్చి కూర్చున్నారా?

లీనా కూర్చున్నారు. ఒక రోజు, రెండు రోజులు కాదు. 1977 నుంచి తొమ్మిదేళ్ల పాటు ఆమె ఆఫీసు ఆ ఫ్యాక్టరీలోనే. ఆంద్రే వైనెర్, మార్సెలో ఫెరాజ్ అనే ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులతో, మేస్త్రీల మధ్యే కూర్చొని గీశారు. గోడల మీది ప్లాస్టరింగును ఇసుక ఒత్తిడితో ఊడగొట్టించి ఇటుకను బయటపెట్టారు. షెడ్ల మధ్య రాళ్లు పరిచిన పాత దారిని అలాగే ఊరి వీధిలా ఉంచారు. అతి పెద్ద షెడ్డులో గోడలు కట్టి గదులు చేయలేదు. నేల మీద వంకర తిరిగిన ఒక నీటి పాయ, దానికి సావో ఫ్రాన్సిస్కో నది పేరు. ఒక చోట కట్టెల నెగడు. చదువుకోవడానికి కాంక్రీటు అరుగులు. ఎవరైనా వచ్చి టికెట్టు లేకుండా, కారణం చెప్పకుండా కూర్చోవచ్చు. మన ఊళ్లలో ఇంటి ముందు అరుగు చేసే పనే ఇది.

ఇంకో షెడ్డు నాటకశాల అయింది. వేదిక మధ్యలో, రెండు పక్కలా జనం. కుర్చీలు ఉత్త చెక్కవి, మెత్తలు లేవు. ప్రాచీన గ్రీకులు, రోమన్లు రాతి మెట్ల మీదే కూర్చొని నాటకాలు చూశారు, మెత్తని కుర్చీ రాజుల దర్బారులతో వచ్చింది అని ఆమె సమాధానం. ఈ ఒక్క విషయంలో నేను ఆమె పక్షం కాదు. నా మోకాళ్లతో అక్కడ రెండు గంటలు కూర్చోలేను.

1982లో ఈ భాగం తెరిచారు. ఆటల భవనానికి మిగిలిన స్థలంలో పెద్ద చిక్కు. మధ్యలో భూమి కింద కాలువ పోతోంది, దాని మీద ఏమీ కట్టరాదు. అందుకని ఆమె కాలువకు అటొకటి, ఇటొకటి రెండు కాంక్రీటు బురుజులు లేపారు. ఒకదాంట్లో ఈత కొలను, ఆటస్థలాలు. రెండోదాంట్లో మెట్లు, లిఫ్టులు, బట్టలు మార్చుకునే గదులు. రెంటినీ కలుపుతూ నాలుగు అంతస్తుల్లో ఆకాశంలో వంతెనలు. ఆటస్థలాల కిటికీలు గుహ నోళ్లలా అడ్డదిడ్డంగా ఉంటాయి, వాటికి అద్దాల్లేవు, చెక్క జాలీ తలుపులే. కాలువ మీద చెక్కపలకలు పరిచారు, జనం అక్కడ ఎండ కాచుకుంటారు. సముద్రం లేని సావో పాలోకు అదే బీచి. పక్కన 70 మీటర్ల నీళ్ల ట్యాంకు, మీటరు మీటరు చొప్పున ఒకే అచ్చులో పోసి లేపారు. ఫ్యాక్టరీ గొట్టం ఉండాల్సిన చోట అది నిలబడింది. కేంద్రానికి ఆమె గీసిన గుర్తులో ఆ గొట్టం లోంచి పొగకు బదులు పూలు వస్తాయి. 1986లో ఇదీ పూర్తయింది. మిల్లు గొట్టాల నీడన పెరిగిన షోలాపూరు వాళ్లకు ఈ బొమ్మ విడమరచి చెప్పనక్కర్లేదు.

సైనిక పాలన పోయాక సాల్వడోర్ నగరం మళ్లీ పిలిచింది. పాత పేటలో జనాన్ని ఖాళీ చేయించి పర్యాటకుల కోసం రంగులేయడం ఆమెకు గిట్టదు. మిసెరికోర్డియా అనే ఏటవాలు వీధిలో పాత ఇళ్లకు లెలె అనే ఇంజనీరింగు దిట్టతో కలిసి పలుచని మడతల సిమెంటు పలకలు బిగించి, కింద దుకాణం, పైన ఆ దుకాణదారు కాపురం అన్న పద్ధతి పెట్టారు. కానీ ఆ పథకం కొన్ని ఇళ్లతోనే ఆగిపోయింది. పొంపేయా వెనక నెలనెలా ఖర్చు భరించే సంస్థ ఉంది, సిబ్బంది ఉన్నారు. ఇక్కడ అది లేదు. పాతదాన్ని నిలపడమంటే బాగు చేసిన రోజు ఖర్చొక్కటే కాదు, ఆ తర్వాతి పాతికేళ్ల ఖర్చు కూడా. మన షెడ్డు విషయంలో నా వైపు ఉన్నవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

సావో పాలోలో అగ్నికి ఆహుతైన ఒక నాటకశాలను సన్నని వీధిలా మలిచిన తియేత్రో ఒఫిసీనా ప్లాను కూడా ఆమెదే. ఎడ్సన్ ఎలీటోతో కలిసి చేసిన ఆ పని ఆమె పోయాక పూర్తయింది. పాత పరిశ్రమల ప్రదర్శనశాలను నగర పాలక సంస్థ కార్యాలయంగా మారుస్తూ ఉండగా, 1992 మార్చి 20న తన అద్దాల ఇంట్లోనే 77 ఏళ్ల వయసులో లీనా మరణించారు. వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శన వారు 2021లో ఆమెకు మరణానంతరం బంగారు సింహం పురస్కారం ఇచ్చారు. పౌలిస్తా మ్యూజియంలో చిత్రాలను గోడలకు కాక, కాంక్రీటు దిమ్మెల్లో నిలబెట్టిన అద్దాల మీద ఆమె అమర్చారు. 1990ల్లో వాటిని తీసేసి మామూలు గోడలు పెట్టారు. 2015లో మళ్లీ అద్దాలే తెచ్చి పెట్టారు.