మార్కోనీ పవర్ తగ్గించి చూసినప్పుడు...

వాకీటాకీలో మాట సరిగ్గా అందకపోతే మనకు వెంటనే తట్టేది ఒకటే: ఇంకా ఎక్కువ వాట్ల సెట్ కొనాలి. గూలియెల్మో మార్కోనీ కూడా చాలా ఏళ్లు ఇలాగే ఆలోచించాడు.

1874లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టాడు. యూనివర్సిటీ డిగ్రీ లేదు. 1895లో ఇంటి దగ్గర చేసిన ప్రయోగాల్లో సిగ్నల్ మొదట కిలోమీటరు కూడా దాటలేదు. యాంటెన్నా ఎత్తు పెంచి, సెట్‌ను ఎర్త్ చేశాడు. అంతే, సిగ్నల్ గుట్ట దాటి దాదాపు రెండు కిలోమీటర్లు వెళ్లింది. అందినట్టు అవతలి నుంచి అన్న తుపాకీ పేల్చి చెప్పాడంటారు.

మరుసటి ఏడాదే లండన్ వెళ్లి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఆపై లక్ష్యం అట్లాంటిక్! ఇంగ్లండ్‌లోని పోల్డూలో భారీ స్టేషన్ కట్టాడు. 1901 సెప్టెంబరులో గాలివానకు స్తంభాలన్నీ కూలాయి. ఉన్నవాటితో సర్దుకుని, డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, మూడు చుక్కలు విన్నానన్నాడు. నిజంగా విన్నాడా అని ఇప్పటికీ వాదనలున్నాయి. పట్టపగలు, ఆ తరంగాలతో... నాకూ అనుమానమే. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు.

తర్వాత పొడవైన తరంగాలు, వందల కిలోవాట్ల స్టేషన్లు. ఖర్చు తడిసి మోపెడైంది.

1923లో రూటు మార్చాడు. పోల్డూలో షార్ట్‌వేవ్ పెట్టి, యాంటెన్నా వెనక తీగల రిఫ్లెక్టర్ నిలిపి, తన ఓడ ఎలెట్రాలో కేప్ వెర్డీ దాకా వింటూ వెళ్లాడు. దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. పవర్‌ను 12 కిలోవాట్ల నుంచి ఒక్క కిలోవాట్‌కు దించినా సిగ్నల్ బాగానే అందింది! శక్తిని నలుదిక్కులా చల్లకుండా ఒకవైపే పంపడం, ఆ తరంగాలను ఆకాశం తిప్పి పంపడం, రెండూ కలిసొచ్చాయి.

కేబుల్ సంగతి అతని ఇంజినీర్ ఫ్రాంక్లిన్ చూసుకున్నాడు. ఒక రాగి గొట్టంలో ఇంకో గొట్టం పెట్టి, యాంటెన్నా దాకా శక్తి వృథా కాకుండా చేర్చాడు. మన కోయాక్సియల్ కేబుల్‌కు అన్నలాంటిదే. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి: కేబుల్‌లో 3 డీబీ పోతే సగం పవర్ పోయినట్టే. సెట్ పవర్ రెట్టింపు చేస్తే వచ్చేదీ ఆ 3 డీబీనే.

ఈ బీమ్ పద్ధతి 1927లో మన దేశానికీ వచ్చింది. పుణె దగ్గర ఖడ్కీ నుంచి ప్రసారం, దౌండ్‌లో రిసీవింగ్.

1923లోనే మార్కోనీ ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు. ఆయన కథలో నాకు మింగుడుపడని భాగం అదే. 1937 జులై 20న రోమ్‌లో కన్నుమూశాడు.