ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

మా పాఠశాలలో బ్యాండు వాయించు బాలురు ఈ సంవత్సరము మమ్మొక ప్రశ్న నడిగిరి. గుండ్లపోచంపల్లి వీధులలో పెండ్లి ఊరేగింపుల ముందు మ్రోగు క్లారినెట్టుపై కర్ణాటక సంగీతము వాయింపవలెనన్న ఎట్టి వాద్యమును, ఎట్టి రీడును కొనవలెనని వారి సందేహము. దీనికి అంగడివాని ధరల పట్టికకంటె ఒక మహనీయుని జీవితమే తగిన సమాధానమని మాకు తోచినది.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. బాల్యమునుండియు వారి చూపు మందము. అందువలన బడి చదువు సాగలేదు. నల్లబల్లపై అక్షరము కానరాని బాలుని భవిష్యత్తు ఏమగునో యని ఆ యింటివారెంత చింతిల్లిరో మనమూహింపవచ్చును. అయితే అన్నగారు వారికి ఫిడేలు నేర్పిరి. కన్ను చేయలేని పనిని చెవియు వ్రేళ్లును చేయసాగెను.

ఫిడేలును క్లారినెట్టువలె పడమటి దేశములనుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరుడు బాలస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచినవారిలో ప్రథములు. నిలుచుండి గడ్డముక్రింద నొక్కిపట్టు వాద్యమును మనవారు కూర్చుండి, దాని తలను కుడి పాదముపై ఆనించి వాయించిరి. తంతులను షడ్జ పంచమములకు శ్రుతి చేసిరి. మెట్లు లేని వాద్యమగుటచే వ్రేలు జారి గమకము పలుకును. నాయుడుగారు ఈ సంప్రదాయమును విడువకయే, పాశ్చాత్యుల కమాను నడకలోని నిడివిని, నునుపును గ్రహించి, నాదమునకు అపూర్వమైన మాధుర్యమును సంపాదించిరి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ఇరువదియారేండ్ల ప్రాయముననే నాయుడుగారు అచట ఫిడేలు ఆచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. గాత్రమునకు ప్రక్కవాద్యముగా నుండిన ఫిడేలును 1938లో వేలూరున ప్రత్యేక కచేరీకి ప్రధాన వాద్యముగా నిలిపిరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీ పురస్కారమును వారిని వరించినవి. లోకప్రసిద్ధుడగు యెహూదీ మెనూహిన్ వారి వాదనము విని మిక్కిలి ప్రశంసించెను. 1964 నవంబరు 25వ తేదీన వారు పరమపదించిరి.

బాలురారా! ఇక మీ ప్రశ్నకు వత్తము. క్లారినెట్టుకు రంధ్రములును మీటలును గలవు గనుక స్వరములు విడివిడిగా పలుకును. గమకము సులభముగా రాదు. కావున వ్రేళ్లతోనే మూయదగిన రంధ్రములుగల వాద్యమును ఎన్నుకొనుడు. రంధ్రమును కొంచెము కొంచెముగా తెరచుటచే స్వరము జారును. రీడు మిక్కిలి గట్టిదైన పెదవికి లొంగదు. మిక్కిలి మెత్తనిదైన నాదము పలచబడును. మధ్యమమైనదే మేలు. మీటల క్రింది మెత్తలనుండి గాలి పోకుండునట్లు పరీక్షింపుడు. తంబురా శ్రుతితో సరిచూడక ధర చెల్లింపకుడు.

ఇంతవరకు ద్రవ్యముతో కొనదగినది. తక్కినది కొనదగినది కాదు. మందదృష్టిగల ఒక బాలుడు పరదేశ వాద్యముచే మన రాగములను పలికించెననిన, అది సాధనచేతనే గదా! మంచి వాద్యము దొరకలేదని సాధనను వాయిదా వేయువాడు మంచి వాద్యము దొరకిన దినమున సిగ్గుపడును.