కెన్నెత్ ఆండర్సన్ – వేటకాడు, వనమిత్రుడు

మదనపల్లె నుండి పీలేరు మీదుగా తిరుపతికి పోవువారందరికిని భాకరాపేట కనుమ పరిచితమే. ఆ కనుమకు ఇరువైపులనున్న అడవులలో ఒకప్పుడు పెద్దపులి సంచరించెడిది. ఆ ప్రాంతపు చామల లోయలో మనుషులను బలిగొన్న పులి కథ ఇంగ్లీషు గ్రంథమునకెక్కి, దేశాంతరములందు సైతము చదువబడినదని మన విద్యార్థులలో ఎందరికి తెలియును? దానిని వ్రాసినవారు కెన్నెత్ ఆండర్సన్.

ఆండర్సన్ 1910 మార్చి 8వ తేదీన బొలారములో జన్మించిరి. స్కాట్లాండు మూలముగల ఆ కుటుంబము తరతరములుగా ఇండియాలో స్థిరపడినది. సైనిక లెక్కల శాఖలో పనిచేసిన తండ్రి నుండి ఆయనకు వేట సరదా అబ్బినది. బెంగుళూరులోని బిషప్ కాటన్ పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను చదివిరి. న్యాయశాస్త్రమునకై ఎడింబరో పంపగా, ఆ చదువు ముగించకయే మరలి వచ్చిరి. తంతితపాలా శాఖలోను, పిమ్మట బెంగుళూరు విమాన కర్మాగారములోను ఉద్యోగము చేసిరి. ఆయన జమీందారు కాదు, అడవిశాఖ అధికారియు కాదు. సెలవు దొరికినప్పుడు తుపాకి పట్టి అడవికి పోయిన ఉద్యోగి మాత్రమే.

నరభక్షక మృగము తిరుగుచున్న పల్లెలో బ్రతుకెట్టిదో నేటివారు ఊహింపజాలరు. పొద్దు క్రుంకక మునుపే తలుపులు మూతబడును. కట్టెలకు పోవువారుండరు, పశువులను తోలువారుండరు. కూలి లేక పొయ్యి వెలుగదు. అట్టి పల్లెల నుండి కబురు వచ్చినప్పుడు ఆండర్సన్ బయలుదేరెడివారు. చెట్టుపై మంచె కట్టుకొని, ఒంటరిగా రాత్రులు గడిపెడివారు. అర్సికెరె సమీపమున ఒక దర్గాను చూచుకొను ఆలం బక్ష్ అను పేదవాని కుమారుని ఎలుగుబంటి చంపగా, ఆ తండ్రి పిలుపందుకొని పోయి దానిని వధించిరి. పిలిచినవాని మతమేదని గాని, హోదా యేదని గాని ఆయన విచారించలేదు. అడవి విద్యలో ఆయనకు తోడునీడయై నిలిచినవాడు బైర అను గిరిజన పూజారి. చదువురాని ఆ మనిషి ఎదుట తాను శిష్యుడనని చెప్పుకొనుటకు ఆండర్సన్ సిగ్గుపడలేదు.

1939 మొదలు 1966 వరకు ఆయన వధించిన నరభక్షకములలో లెక్కకెక్కినవి పులులు 7, చిరుతలు 8. 1954లో తొలి గ్రంథము వెలువడినది. చామల లోయ కథ అందులోనిదే. మామండూరు పులి కథ తరువాతి గ్రంథములోనిది.

పులులను చంపినవానిని వనమిత్రుడనుట ఎట్లు? ఈ శంక మాకును కలిగినది. ఆయన గ్రంథములే దీనికి సమాధానము చెప్పుచున్నవి. ఆయన చంపిన ప్రతి నరభక్షకము వెనుకను ఒక కారణము వెదకిరి. తరచుగా కనిపించినది మానవుని చేతి గాయమే. గురితప్పిన తూటా తగిలి కుంటుపడిన పులి లేళ్లను పట్టలేదు. ఆకలికి ఓర్వలేక బలహీనుడైన మనిషిపై పడును. నేరము మొదట మనది, శిక్ష మాత్రము పులిది. ఈ సత్యము గ్రహించిన పిమ్మట ఆయనకు వేట రుచించలేదు. తుపాకికి బదులు కెమెరా పట్టిరి. జీపులలో దీపములు వేసికొని రాత్రులు వేటాడువారిని, పంటల మందును పశుకళేబరములపై చల్లి పులులను చంపువారిని తీవ్రముగా నిందించిరి.

1972లో దేశమందలి పులుల సంఖ్య 1,827 మాత్రమేనని తేలినది. ఆ యేడే వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1973లో పులుల రక్షణ పథకము వచ్చినవి. అవి చూచిన పిమ్మట 1974 ఆగస్టు 30న ఆండర్సన్ బెంగుళూరులో కన్నుమూసిరి. లెక్కించు పద్ధతి మారినను, 2022 గణనలో పులుల సంఖ్య 3,682గా అంచనాకు వచ్చుట సంతోషకరము. నల్లమల అడవి 1983లో ఆ పథకమున చేరి నేటికిని పులికి నెలవై యున్నది. శేషాచలములో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము 1989లో గాని ఏర్పడలేదు. నేడక్కడ వినవచ్చునది చిరుత మాటయే. ఆండర్సన్ వర్ణించిన పెద్దపులి మనకు పుస్తకములోనిదైనది.

ఆయన వెదకిన ప్రశ్న మాత్రము నేటికిని తీరలేదు. 2023 ఆగస్టులో తిరుమల కాలిబాటపై చిరుత ఒక పసిపాపను బలిగొన్నది. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడిన మన పలమనేరు, కుప్పము సీమలలో ఏనుగులు చేలపై పడుచున్నవి. రాత్రంతయు కావలి కాచి తెల్లవారి తరగతికి వచ్చు రైతుబిడ్డకు అడవిని ప్రేమించుమని ఉత్తమాటలు చెప్పుట మాకు న్యాయముగా తోచదు. నష్టపోయిన రైతుకు పరిహారము సకాలమున అందవలెను, మృగమునకు దాని దారి విడువవలెను. ఆండర్సన్ పల్లెవాసి భయమును ఎన్నడును తేలికగా చూడలేదు, మృగముపై పగయు పెంచుకొనలేదు. మన విద్యార్థులు ఆయన నుండి నేర్చుకొనవలసినది ఈ రెండును కలిసిన మనస్సు.